శుద్ధప్రతిలో చేరని వాసన

నా చేతిరాత ముత్యాలకోవ వలె ఉంటుందని చిన్ననాటి నుండి పదిమంది చెప్పగా విని పొంగినవాడిని. ఆ రాత కారణంగా ఒక పనివాడి చేతికున్న మంచిపేరు పోయిందని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

తొంభయ్యవ దశకపు చివరి సంవత్సరాల మాట. ప్రాచ్యకళాశాలలో తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసి, భార్య గతించిన పిమ్మట, మాదాపూరులోని మా తమ్ముడి చెంతకు చేరాను. మాది కడప సీమ. తమ్ముడు రసాయనశాస్త్రజ్ఞుడు, బ్రహ్మచారి. ఇరవై ఏళ్లు ఒక పరిశోధనాలయంలో కొలువు చేసి, దానిని వదలి, దాచుకున్నదంతా పెట్టి, అద్దె ఇంటి కింది భాగంలో సొంత ప్రయోగశాల తెరిచాడు. మేడ మీద ఇద్దరం ఉండేవాళ్లం. చుట్టూ అప్పటికి సగం బండలు, సగం పునాదులు. గాజు గోడల మేడలు ఒకటొకటిగా పైకి లేస్తున్నాయి. కంప్యూటర్ల కొలువుల కోసం నలుదిక్కుల నుండి వచ్చిన జనంతో సందులన్నీ నిండుతున్నాయి.

తమ్ముడి పని ఏమిటో అర్థం చేసుకోవడానికి నాకు నెల పట్టింది. ప్లాస్టిక్కులో కరెంటు పారదని లోకమంతా ఎరుగును. కాని కొన్ని జాతుల ప్లాస్టిక్కుకు ఆమ్లం పట్టిస్తే అందులోనూ కరెంటు పారుతుందట. అటువంటి పదార్థాన్ని ద్రావకంలో కరగించి, గాజుపలక మీద ఉల్లిపొర కంటె పలుచగా పరిచేవాడు. ఆరిన పొర ముదురు ఆకుపచ్చగా ఉండేది. అణువుల గొలుసులు అందులో చిక్కుపడిన నూలు వలె ఉంటాయనీ, లేజరు కిరణాన్ని దాని మీద వరుసలు వరుసలుగా నడిపి తగుమాత్రం వేడి తగిలిస్తే ఆ గొలుసులు సర్దుకుని కరెంటు మరింత సులువుగా పారుతుందనీ చెప్పాడు.

“అంటే కాలుస్తావన్నమాట.”

“కాల్చేది కాదన్నా, కాచేది. మన అమ్మ వెన్న కాచేది కదా, అట్ల. కాగకపోతే పచ్చివాసన, ఎక్కువైతే మాడు. ఈ పొర మాడితే దాంట్లో ఉండే ఆమ్లం ఎగిరిపోతుంది. ఆకుపచ్చ పోయి నీలం తిరుగుతుంది. అంతే, కరెంటు పారదు ఇంక.”

కంప్యూటరు తెరల మీద చేరే విద్యుత్తునూ, దానితోపాటు పట్టే దుమ్మునూ ఈ పొర తొలగించగలదని అతని ఆశ. ఒక కంపెనీ వారు పన్నెండు పలకలు చూపమన్నారు. వారం రోజులు గడిచినా ఏ పలక కొలతా మారకూడదని షరతు.

కాచే పని తమ్ముడిది కాదు. దానికి ఒక మనిషి ఉండేవాడు. నలభై దాటిన వయసు. మూతబడిన ఒక కర్మాగారంలో కొలత పరికరాలు సరిచేసిన మెకానిక్కు. బాచుపల్లి వైపు పల్లె నుండి రెండు బస్సులు మారి వచ్చేవాడు. లేజరు కిరణం రెండు అద్దాల మీద తిరిగి, ఒక కటకం గుండా దిగి, పలక మీద సూదిమొన అంత చుక్కగా పడాలి. ఆ అద్దాల వెనుక నువ్వుగింజలంత మరలు ఉండేవి. అతడు వాటిని కొనగోటితో తిప్పేవాడు. ఎంత తిప్పాడో కంటికి తెలిసేది కాదు, కాని చుక్క మాత్రం చోటు మారేది. చుట్టుపక్కల నాలుగైదు ప్రయోగశాలల వారికి అతని చేయి తెలుసు. “ఆ చెయ్యి తాకితే పరికరం మాట వింటుంది” అని తమ్ముడే నాతో అనేవాడు. అతనికున్న ఆస్తి కూడా అదే.

ఆ చేతికి అక్కడ పనికి కొదవ లేదు. మధ్యాహ్నం ఒకమారు, పొద్దు వాలే వేళ ఒకమారు ఈల వేసి, ఎర్రజెండా ఊపి, దగ్గరలో బండలు పేల్చేవారు. ఇల్లు అదిరేది. అద్దాలు వెంట్రుకవాసి జరిగేవి. అతడు నిట్టూర్చి, మళ్లీ మొదటి నుండి సరిచేసేవాడు.

“ఈ బండలు మా తాతల తాతల సంది ఈడనే ఉన్నయి పెద్దసారూ. ఒక్కపారి గూడ లేసి అడుగు వెయ్యలే. ఇప్పుడు సూడుండ్రి, లారీలెక్కి పోతున్నయి. హైటెక్ సిటీల మనకన్న ముందుగాల వాటికే నౌకరి దొరికింది.”

నేను నవ్వేవాడిని. అతడు నవ్వకుండా మర మీదకు వంగేవాడు.

ఊరక కూర్చుని తినడం నాకు నచ్చక, ఒకనాడు తమ్ముణ్ణి ఏదైనా పని చెప్పమన్నాను. అతడు ప్రయోగాల దినచర్య పుస్తకం నా చేతికిచ్చాడు. ఏ పలకకు ఎంత శక్తి, కిరణం ఎంత వేగం, కాచక ముందు కొలత, కాచిన తరువాత కొలత, మరునాటి కొలత. పనివాడు పని చేస్తూ నోటితో చెప్పేవాడు. నేను చిత్తుకాగితం మీద గిలికి, సాయంకాలం శుద్ధప్రతి రాసేవాడిని. శుద్ధప్రతి ముగియగానే చిత్తు చింపివేయడం నా జీవితకాలపు అలవాటు.

ఇక్కడ నా పూర్వవృత్తి కొంత చెప్పాలి. యౌవనంలో ఆరేడేళ్లు తాళపత్రాలు పరిష్కరించాను. ఒకే గ్రంథానికి నాలుగు ప్రతులు ముందు పెట్టుకుని, ఏ పాఠం కవిది, ఏది నడుమ లేఖకుడు చేర్చినది అని తేల్చడం మా పని. లేఖకులు తమకు తోచినవన్నీ చేర్చేవారు. ఒకడు వానను, ఒకడు తన కడుపునొప్పిని, ఒకడు గంటం మొన విరిగిన సంగతిని. అవన్నీ ప్రక్షిప్తాలు. వాటిని తీసివేస్తే గ్రంథం కడిగిన అద్దం వలె తళతళలాడేది. తీసివేయడంలో నాకు సాటి లేదని మా గురువుగారు మెచ్చుకున్నారు. ఆ మెప్పు నా తలలో నలభై ఏళ్లు నిలిచిపోయింది.

పనివాడు అంకెలు మాత్రమే చెప్పే మనిషి కాడు. బస్సులో జరిగిన తగాదా, పేల్చిన బండ ముక్క వచ్చి పడిన చోటు, భార్య కట్టిన సద్దిలో ఉప్పు ఎక్కువైన సంగతి, అన్నీ కొలతల నడుమ దొర్లిపోయేవి. నేను చిత్తులో రాసినా శుద్ధప్రతిలో వదిలేవాడిని. వాటిలోనే ఈ మాటలు కూడా ఉన్నాయి.

“ఇయ్యాల పక్కపొంటి మషీన్ మల్ల షురువైంది పెద్దసారూ. కండ్లు మండుతున్నయి. కాచిన పలకలు గా రంధ్రం కాడ ఆరబెడుతున్నం. గట్ల పెట్టుడు మంచిది గాదేమో.”

మా ఇంటికీ పక్కవాటాకూ నడుమ ఒకే గోడ. దాని పైభాగాన గాలి కోసం విడిచిన రంధ్రం ఉండేది. కాచిన పలకలు చల్లారడానికి దాని కిందనే బల్ల వేశాం. కాచనివి మూత బిగించిన డబ్బాలో ఉండేవి. పక్కవాటాలో ఇళ్ల ప్లాన్లకు ప్రతులు తీసే దుకాణం. కట్టడాల కాలం కనుక సాయంకాలాలు అక్కడ రద్దీ.

“నాయనా, అంకెలు చెప్పు,” అన్నాను నేను.

“అంకెలు గూడ చెప్తున్న గద సారూ. ముక్కు చెప్పేది గూడ జర రాసుకోండ్రి. ఖర్చేమున్నది? పుస్తకంల జాగ లేదా?”

“నాకు ఏ వాసనా తెలియడం లేదు.”

“మీరు పొడుం పీలుస్తరు. మీకెట్ల తెలుస్తది?”

అది నిజం. ముప్పై ఏళ్లుగా నశ్యం పీల్చిన ముక్కు నాది. తమ్ముడు సాయంకాలాలు కంపెనీల చుట్టూ తిరుగుతుండేవాడు. ఆ వాసన పట్టగల ముక్కు ఆ గదిలో ఒక్కటే. అది చెప్పిన దానిని నేను గంటం మొన విరిగిన సంగతితో జమ కట్టాను. పనివాడు ఆ మాట నాలుగుసార్లో, అయిదుసార్లో చెప్పాడు. ఒక్కమారు కూడా అది పుస్తకానికి ఎక్కలేదు.

పలకలు చెడడం మొదలైంది. సాయంత్రం కొలిచినప్పుడు కొలత దివ్యంగా ఉండేది. తెల్లవారేసరికి పొర నీలం తిరిగి, కరెంటు ఇంచుమించు పారడం మానేసేది. రోజూ కాదు. రెండు రోజులు బాగుండి, మూడవనాడు చెడేవి. కంపెనీ వారికి చెప్పిన గడువు దగ్గరపడింది. ఒకనాడు ఉదయం తమ్ముడు పుస్తకం ముందు వేసుకుని, రెండు గంటలు అంకెలు పోల్చి చూసి, పనివాణ్ణి పిలిచాడు.

“లేజరు రోజూ ఒకటే. నేను పరిచిన పొర రోజూ ఒకటే. మారేది నీ చెయ్యి ఒక్కటే. ఒకదినం బాగ కాస్తావు, ఒకదినం మాడుస్తావు. ఏమి కథ?”

“నేను మాడ్చలే సారూ.”

“మరి నీలం ఎట్ల తిరుగుతాంది? వేడి ఎక్కువైతేనే కదా?”

“సాయంత్రం మంచిగుంటయి. మాడితే గప్పుడే తెలుస్తది గద. రాత్రి నేను మా ఇంట్ల పంట సారూ, నిద్రల వచ్చి మాడుస్తనా?” అతడు కొంచెం నవ్వే ప్రయత్నం చేశాడు. తమ్ముడు నవ్వలేదు. “పక్కపొంటి గాలి సారూ. నేను శానసార్లు చెప్పిన. పెద్దసారు రాసుకున్నరు. పుస్తకంల ఉంటది సూడుండ్రి.”

తమ్ముడు పుటలు తిప్పాడు. మొదటి నుండి చివరి వరకు తిప్పాడు. కొట్టివేత ఒక్కటి లేని పుటలు. పిమ్మట నా వైపు చూశాడు.

“అన్నా, ఏమన్నా చెప్పినాడా నీకు?”

ఆ ప్రశ్నకు నేను ఇచ్చిన జవాబును ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను. “పనికి సంబంధించినవన్నీ రాశాను,” అన్నాను. అబద్ధం ఆడుతున్నానని అప్పుడు నాకు తోచలేదు. నా పుస్తకాన్ని ఎవరో శంకించారన్న రోషం ఒక్కటే తోచింది.

పనివాడు నా ముఖం వైపు చూశాడు. వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు.

“పుస్తకంల లేకుంటే లేనట్టే సారూ,” అన్నాడు. అద్దాలు తుడిచే గుడ్డను మడిచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

వారం తరువాత మరొక ప్రయోగశాల నుండి తమ్ముడికి ఫోను వచ్చింది. ఆ మనిషి తమ దగ్గర పని అడిగాడనీ, ఎటువంటివాడనీ వారు విచారించారు. తమ్ముడు తాను నిజమనుకున్నదే చెప్పాడు. “మంచోడే. కాని చేతికి నిలకడ పోయింది.” నేను పక్కనే కూర్చుని పొడుం డబ్బా మూత తీస్తున్నాను. ఆ మాట ఆ నాలుగైదు చోట్లకూ పాకడానికి ఎంతసేపు పడుతుంది?

తరువాత తమ్ముడే లేజరు ముందు కూర్చున్నాడు. అతనికి ఆ చెయ్యి లేదు. ఒక్కొక్క పలకకు అరపూట పట్టేది. అయినా పగలంతా జాగ్రత్తగా కాచి, పలకలను ఆ రంధ్రం కిందనే ఆరబెట్టి, సాయంకాలం ఎప్పటివలె కంపెనీల చుట్టూ తిరగడానికి పోయేవాడు. అవి కూడా నీలం తిరిగాయి. కంపెనీ గడువు దాటిపోయింది. ఎనిమిది నెలలు గడిచాక ఒక ఉదయం, చెడిన పలకల దగ్గర ఆమ్లపు సీసా మూత తెరిచి ఉంచి, తమ్ముడు ఏదో పని మీద లేచాడు. తిరిగి వచ్చేసరికి సీసాకు దగ్గరగా ఉన్న పలక అంచు ఆకుపచ్చగా మారి ఉంది. కొలిచాడు. కరెంటు పారుతున్నది. నన్ను కేక వేసి పిలిచాడు.

“మాడిన పొర ఇట్ల తిరిగి పచ్చగ కాదన్నా. గొలుసులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. ఇది మాడలేదు. ఏదో గాలి తగిలి దీంట్లో ఆమ్లాన్ని చంపింది.”

ఇద్దరం పక్కవాటాకు వెళ్లాం. దుకాణదారు గోదావరి వైపు నుండి వచ్చిన మర్యాదస్థుడు. ప్లాను చుట్టలు పక్కకు నెట్టి కుర్చీలు వేశాడు.

“మాది అమ్మోనియా ప్రింటండి. ఆ గ్యాసు తగిలితేనే కాగితం మీద గీతలు పైకి లేస్తాయండి. ఆర్డరు ఎక్కువుంటే సాయంత్రం గంటల తరబడి నడుపుతాం. మీవాడు రెండుసార్లు వచ్చి ఆ రంధ్రం మూయమని బతిమాలాడు కదండీ? మీ ఓనరుగారితో చెప్పించవయ్యా అన్నాను. మీకు చెప్పలేదాండీ?”

అమ్మోనియా ఆమ్లానికి జన్మశత్రువు. అంతటి సంగతి తమ్ముడికి తెలియనిది కాదు, తెలియవలసిన చోట తెలియలేదు. ఇంటికి వచ్చాక అతడు నన్ను అడగవలసిన అవసరం లేకపోయింది. నేనే చెప్పాను. పనివాడు ఎన్నిసార్లు చెప్పాడో, నేను ఏ కారణాన వదిలానో, చిత్తులు ఎలా చింపానో అంతా చెప్పాను. 

“వేలకొద్దీ పద్యాలు నోటికి పెట్టుకున్నోడివి,” అన్నాడు తమ్ముడు. “ఒక్క వాక్యం రాయలేకపోతివా అన్నా.”

ఆ రాత్రి పుస్తకం తెరిచి, పనివాడన్న మాటలను వాటి చోట్లలో చేర్చాలని కూర్చున్నాను. మాటలు చెవిలో ఉన్నాయి. ఏ మాట ఏ నాటిదో జ్ఞాపకం లేదు. యంత్రం నడిచిన రోజూ పలక చెడిన రోజూ ఒకటేనని చూపినప్పుడే ఆ మాటలకు విలువ. తేదీ లేని సాక్ష్యం సాక్ష్యం కాదని పరిష్కర్తగా నేనే ఎందరికో పాఠం చెప్పాను. కలం మూశాను.

పనివాడి ఊరు వెదుక్కుంటూ వెళ్లాం. భార్య గడపలోనే నిలబడి మాట్లాడింది. లోపలికి రమ్మనలేదు. మణికొండ దగ్గర బండల పనికి పోతున్నాడని చెప్పింది. అక్కడికి వెళ్లేసరికి, బండకు తూట్లు పొడిచే గాలియంత్రాన్ని రెండు చేతులా అదిమిపట్టి నిలబడి ఉన్నాడు. వెంట్రుకల నుండి పాదాల దాకా తెల్లటి రాతిపిండి. యంత్రం ఆపి, మమ్మల్ని చూసి, “పెద్దసారూ, ఇంత దూరం వచ్చిండ్రేంది? మంచిగున్నరా?” అన్నాడు.

తమ్ముడు జరిగినదంతా చెప్పి, చేతులు జోడించాడు. అతడు ఆ చేతులు పట్టుకుని దించాడు.

“అమ్మోనియానా! నేను సున్నమో, ఇంకేదో అనుకున్న. పోనీండ్రి సారూ. తెలిసింది గద.”

“మళ్లీ రావల్ల నువ్వు.”

“ఆదివారం పేలుడు పని ఉండదు. గప్పుడొస్త.”

ఆదివారం వచ్చాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గోడ రంధ్రానికి చెక్క కొట్టించి ఉంచాం. దానిని తట్టి చూసి తల ఊపాడు. లేజరు ముందు కూర్చుని, అద్దం వెనుక మర మీద కొనగోరు పెట్టాడు. చుక్క కదలలేదు. మళ్లీ పెట్టాడు. చుక్క ఒక్కసారిగా పలక దాటి బల్ల మీదకు దూకింది. మూడవసారి వేలు మర మీద ఆనిందో లేదో తెలియక, వంగి కంటితో చూసుకున్నాడు. ఎనిమిది నెలలు ఆ యంత్రపు అదురును పట్టిన వేళ్లు.

“మొద్దుబారినయి,” అన్నాడు మెల్లగా. “దవాఖానల సూపిస్తే, పని బంద్ జెయ్యి, ఎన్కకు రావొచ్చు, రాకపోవొచ్చు అన్నరు.”

లేచి, తమ్ముణ్ణి తన చోట కూర్చోబెట్టాడు. తాను వెనుక నిలబడి చెప్పసాగాడు. “కొద్దిగ కుడికి. అంత గాదు సారూ, శ్వాస ఇడిసినంత. ఆఁ. ఇగ ఆగుండ్రి. ఇగ నడిపియ్యుండ్రి.” ఆ పూట కాచిన నాలుగు పలకలూ నాలుగు ఆకుల వలె పచ్చగా నిలిచాయి. చల్లారాక వాటిని డబ్బాలో మూత బిగించి పెట్టాం.

నేను టీ తెప్పించాను. పొగలు కక్కే గ్లాసును అతడు అరచేత నిండుగా పట్టుకుని అలాగే ఉంచాడు.

“చెయ్యి కాలుతుంది నాయనా,” అన్నాను.

“కాలితే తెల్వాలె గద సారూ.”

తమ్ముడు లేచి కిటికీ దగ్గరకు పోయాడు. అటే తిరిగి, “నువ్వు పక్కన కూర్చుని చెప్పు, చాలు. జీతం పాతదే,” అన్నాడు.

“చెప్పుడు గూడ నౌకరేనా సారూ? రెండు దినాలు చెప్తే మీకు వస్తది. మూడోనాడు నేను ఊకె కూసోవాలె. నాతోని గాదు.” ఎంత చెప్పినా వినలేదు.

చివరకు నేను పుస్తకం తెచ్చి అతని ముందు పెట్టాను. ప్రతి చెడిన పలక ఎదుటా, తమ్ముడు చెప్పిన ప్రకారం, ‘కాచుటలో దోషము’ అని నా అక్షరాలతోనే రాసి ఉంది. “ఇవన్నీ నీ ఎదుటనే కొట్టివేస్తాను,” అన్నాను.

అతడు ఒక పుట తిప్పబోయాడు. కాగితం అంచు వేలికి అందలేదు. నేను తిప్పాను. కొంతసేపు చూశాడు.

“వద్దు పెద్దసారూ. కొట్టేస్తే పుస్తకం ఖరాబైతది. గింత అందంగ రాసిండ్రు.”

ఆ మాటలో ఎకసెక్కెం ఉందో, జాలి ఉందో ముఖంలో వెదికాను. రెండూ కనబడలేదు. అతడు వెళ్లాక కొట్టివేశాను. మందపు గీతలు, ఒక్కొక్కటీ. నా కలం కింద ఒక పుట అంత వికారంగా కనబడడం అదే మొదలు. ఆ పుస్తకాన్ని ఆ తరువాత ఎవరూ తెరవలేదు. తమ్ముడు అన్ని ప్రయోగశాలలకూ ఫోను చేసి నిజం చెప్పాడు. వారు ‘అయ్యో’ అన్నారు. నిజం తెలిసింది కాని, ఆ నిజానికి తగిన వేళ్లు అతనికి మిగలలేదు. ఏడాది తిరగకుండానే ప్రయోగశాల కూడా మూతబడింది.

ఆ ఆదివారం నేను అతని వెంట బస్సు ఆగే చోటు వరకు నడిచాను.  బస్సు వచ్చింది. కమ్మీని వేళ్లతో కాక మోచేతి వంపుతో చుట్టి మెట్టెక్కాడు. కదులుతుండగా నా వైపు వంగి ఏదో చెప్పాడు. ఇంజను హోరులో వినబడలేదు. మరొకమారు చెప్పమని అడగడానికి నాకు నోరు రాలేదు.